ఒక్క వాక్యపు జవాబు వెనుక

అరకులోయలో చదువుకునే కళాశాల విద్యార్థి ఒకడు ఉన్నాడనుకుందాము. సెలవు దొరికినప్పుడు అతడు బొర్రా గుహల మీదుగా రైలులో ప్రయాణము చేస్తాడు. దారిలో శిమిలిగుడ స్టేషనులో దాని ఎత్తును తెలిపే పలకను చూస్తాడు. కిటికీలోనుండి ఒకదాని వెనుక ఒకటిగా లేచే కొండలను చూస్తాడు. ఇంటికి చేరేసరికి చెల్లెలు చలిజ్వరముతో మూలుగుతూ ఉంటుంది. ఈ ఒక్క ప్రయాణములోనే అతనికి నాలుగు ప్రశ్నలు పుట్టినవి. బొర్రా గుహలను ఎవరు కనుగొన్నారు? తూర్పు కనుమలలో ఎత్తైన శిఖరము ఏది? మన దేశములో మిక్కిలి ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజి స్టేషను ఏది? మన్యములో చలిజ్వరము ఎందుకు వస్తుంది?

నాలుగింటికీ జవాబులు సులభముగానే దొరుకుతాయి. ప్రశ్నోత్తరాల పుస్తకములో ఒక్కొక్కటి ఒక్క వాక్యము. చేతిలోని ఫోనులో అయితే ఒక్క క్షణము. కాని దొరికిన జవాబు నిజమైనదేనా అని తెలుసుకొనుట ఎట్లు? దానికి ఆ జవాబు ఎక్కడినుండి వచ్చినదో చూడవలెను. మనుష్యులకు వలెనే జవాబులకు కూడా పుట్టుక, పెరుగుదల, ఒక్కొక్కప్పుడు మరణము కూడా ఉంటాయి.

ప్రశ్న పుట్టినవాడు వెదకి చూచుకొనుటకు తెలుగులో ఒక గ్రంథము ఉండవలెనని పూనుకొన్న తొలివారిలో ముఖ్యుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, శాస్త్ర గ్రంథములను తెలుగులో వెలువరింపజేసినది ఆయనే. తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్నాడు. దాని మొదటి సంపుటము 1915లో వెలువడినది. ఆయన జీవితకాలములో పని అకారముతో మొదలయ్యే మాటలను దాటిపోలేదు. 1923లో ఆయన మరణించినాడు. తెలుగు భాషా సమితి 1947లో ఏర్పడి, విజ్ఞాన సర్వస్వ సంపుటములను విషయముల వారీగా తయారుచేయించినది. అక్షరక్రమములో ఒక మాట వెదికితే ఒక పుట దొరుకుటకు ఎంతమంది జీవితములు పట్టినవో దీనివలన తెలుస్తుంది. అట్టి శ్రమ లేకుండా, ఒకరు వ్రాసినది మరొకరు చూచి వ్రాస్తూ పోతే ఏమగునో చెప్పుటకు మన విద్యార్థి మొదటి ప్రశ్నయే చాలును.

బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ పరిశీలనా శాఖకు చెందిన విలియం కింగ్ జార్జి కనుగొన్నాడని అనేక చోట్ల అచ్చయి ఉన్నది. విద్యార్థి దానిని నోటుపుస్తకములో ఎక్కించుకొన్నాడు. అక్కడితో ఆగక ఆ శాఖ ఎప్పుడు పుట్టినదని చూస్తే 1851 అని తేలినది. పుట్టని శాఖలో ఉద్యోగి ఎట్లుండును? ఆ శాఖలో విలియం కింగ్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు నిజముగానే ఉన్నాడు. ఆయన 1857లో ఉద్యోగములో చేరినాడు. 1870ల ఆరంభములో ఇల్లెందు ప్రాంతపు బొగ్గును గుర్తించినాడు. 1887 నుండి 1894 వరకు ఆ శాఖకు డైరెక్టరుగా ఉన్నాడు. 1807 నాటికి ఆయన పుట్టనే లేదు. అంటే ఒక్క వాక్యములోని మూడు ముక్కలు, సంవత్సరము, శాఖ, మనిషి, ఒకదానితో ఒకటి పొసగవు. దీనిని పట్టుకొనుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచే ఓపిక చాలును.

అసలు ప్రశ్నలోనే ఒక లోపమున్నది. ఆ గుహలను దొరలు వచ్చి కనుగొనేదాకా ఎవరూ ఎరుగరా? మేస్తున్న ఆవు కొండపైని కంతలోనుండి క్రిందికి పడిపోగా, దానిని వెదకుతూ దిగిన కాపరి లోపల శివలింగాకారపు రాతిని చూచినాడని అక్కడి గిరిజనుల కథ. గుహల దగ్గర పారే ఏటి పేరు గోస్తని, అనగా ఆవు పొదుగు. కథకు తేదీ లేదు. కాని ఊరివారికి గుహ తెలుసుననుటకు అది సాక్ష్యము. ఇక గుహ ఎట్లు ఏర్పడినదంటే, దానికి జవాబు నీటిలో ఉన్నది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించి దారి చేసుకొంటుంది. గుహ కప్పునుండి చుక్కలుగా జారేటప్పుడు ఆ సున్నమునే తిరిగి పేర్చి, పైనుండి వ్రేలాడే కంబములను, క్రిందినుండి లేచే కంబములను కడుతుంది. వీటిని చుట్టి ఉన్న కొండరాళ్లలో ముఖ్యమైనదానికి భూగర్భశాస్త్రములో ఖోండలైటు అని పేరు. 1902లో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కనుమలలోని ఖోండు జాతి పేరుమీద ఆ రాతికి నామకరణము చేసినాడు. ఖోండుల పేరు ఈనాడు ప్రపంచములోని భూగర్భశాస్త్ర గ్రంథములలో ఉన్నది.

రెండవ ప్రశ్న శిఖరమునకు సంబంధించినది. తూర్పు కనుమలలో ఎత్తైనది మహేంద్రగిరి అని చాలాకాలము పాఠ్యపుస్తకములు చెప్పినవి. దాని ఎత్తు 1,501 మీటర్లు. కాని మన విద్యార్థి ఉన్న కొండలలోనే జిందగడ శిఖరము 1,690 మీటర్లు, అర్మకొండ 1,680 మీటర్లు ఉన్నవి. ఒడిషాలోని దేవమాలి 1,672 మీటర్లు. మరి మహేంద్రగిరికి ఆ పేరు ఎందుకు వచ్చినది? అది సముద్రమునకు చేరువగా, పల్లపు నేలనుండి ఒక్కసారిగా లేస్తుంది. ఓడలో పోయేవారికి దూరమునుండే కనిపిస్తుంది. పురాణములలో, కావ్యములలో ప్రసిద్ధికెక్కినది. జిందగడ అట్లు కాదు. అరకులోయ నేలయే సముద్రమట్టమునకు 900 మీటర్ల పైన ఉన్నది. ఆ ఎత్తులో నిలబడి చూచేవానికి శిఖరము మరి ఏడెనిమిదివందల మీటర్లు మాత్రమే లేచినట్లు కనిపిస్తుంది. కంటికి కనిపించే ఎత్తు వేరు, కొలిస్తే తేలే ఎత్తు వేరు.

ఆ కొలతకు మన దేశములో గట్టి పునాది పడినది 1802లో. ఆ ఏడు లాంబ్టన్ మద్రాసు దగ్గర ఒక సరళరేఖను కొలిచి, త్రిభుజముల సహాయముతో దేశమును కొలుచుటకు ఆరంభించినాడు. ఆ త్రిభుజములు హిమాలయములదాకా పోయిన తరువాతనే, 1852లో రాధానాథ సిక్దారు లెక్కలవలన, ఎవరెస్టు అన్నింటికంటె ఎత్తైనదని తేలినది. అంతకు ముందు ఆ గౌరవము కాంచనజంగకు ఉండేది. ఆ కాలమువారు అబద్ధమాడినారా? లేదు; వారి కొలత అంతవరకే వచ్చినది. మన మూడు శిఖరముల మధ్య తేడా 18 మీటర్లే కాబట్టి, ఒక పుస్తకములో ఒక పేరు, మరొకదానిలో ఇంకొక పేరు కనిపించుటలో వింత లేదు. విద్యార్థి పేరుతోపాటు ఎత్తును కూడా వ్రాసుకొంటే చిక్కు తనంతట తానే విడిపోతుంది.

మూడవ జవాబు ఇంకొక రకమైనది. ఇది ఒకప్పుడు నిజము, ఇప్పుడు కాదు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖపట్టణపు రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయుటకై 1960లలో కొత్తవలస–కిరండూలు మార్గమును నిర్మించినారు. కొండలను తొలిచి, లోయలపై వంతెనలు కట్టి వేసిన ఆ మార్గములో శిమిలిగుడ స్టేషను 996.32 మీటర్ల ఎత్తున, అనగా 3,268 అడుగుల ఎత్తున ఉన్నది. దేశములోని బ్రాడ్‌గేజి స్టేషనులలో అదే ఎత్తైనదని చాలాకాలము పేరు. 2008 అక్టోబరులో కాశ్మీరు లోయలో రైలు నడిచినది. అక్కడి స్టేషనులు 1,600 మీటర్ల ప్రాంతములో ఉన్నవి. ఆ రోజుతో శిమిలిగుడ జవాబు పాతబడినది. స్టేషను అంగుళమైనా క్రుంగలేదు. మారినది దాని చుట్టూ ఉన్న లోకము. ఇట్టి జవాబులకు సంవత్సరము చేర్చకపోతే అవి తెలియకుండానే అబద్ధములవుతాయి.

ఈ మూడింటిలో తప్పుపోతే పోయేది మహా అయితే పరీక్షలో ఒక మార్కు. నాలుగవ ప్రశ్నలో పోయేది ప్రాణము.

మన్యమునకు పోయివచ్చినవారికి జ్వరము వచ్చుట అందరూ ఎరిగిన సంగతి. నీరు పడలేదని కొందరు, అడవిగాలి సోకినదని కొందరు అనేవారు. ఇది మనవారి అమాయకత్వము మాత్రమే కాదు. మలేరియా అనే మాటకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థము. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తములో పరాన్నజీవిని చూచినాడు. అది మనిషిలోనికి ఎట్లు చేరునో తెలియలేదు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో, రోగి రక్తము త్రాగిన దోమ పొట్టను కోసి చూచి, దానిలో ఆ పరాన్నజీవిని గుర్తించినాడు. తరువాత పెర్రీ అనే వైద్యుడు జయపురం కొండ ప్రాంతపు మలేరియాను పరిశీలించి 1914లో వ్యాసము ప్రకటించినాడు. ఈ కొండలలో రోగమును మోసే ముఖ్యమైన దోమజాతి మురికిగుంటలలో కాక, మెల్లగా పారే తేట సెలయేళ్ల అంచులలో గుడ్లు పెట్టునని కూడా శాస్త్రజ్ఞులు తెలుసుకొన్నారు. నీటికీ జ్వరమునకూ ఏదో సంబంధమున్నదని ఊరివారు పట్టుకొన్న మాట నిజమే. అయితే జ్వరము త్రాగే నీటినుండి రాలేదు. ఆ నీటిలో పెరిగిన దోమనుండి వచ్చినది.

ఈ జ్వరము ఒక జ్ఞానాన్వేషకుని జీవితములో కూడా ప్రవేశించినది. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైనాడు. అది మహేంద్రగిరి ఉన్న సీమయే. కొండలమీది సవరలు మాట్లాడే భాష ఎట్టిదో తెలుసుకొనవలెనని ఆయనకు కోరిక కలిగినది. వెదకి చూచుటకు నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. సవర భాష వచ్చినవానిని ఇంట పెట్టుకొని నేర్చుకొన్నాడు. తానే అడవులలోని సవర పల్లెలకు పోయి విన్నాడు, అడిగినాడు, వ్రాసుకొన్నాడు. ఆ తిరుగుళ్లలో చలిజ్వరము పట్టుకొన్నది. దానికి మందుగా పుచ్చుకొన్న క్వినైను ఆయన వినికిడిని తీసివేసినది. ఒక భాషను చెవితో పట్టిన మనిషి చెవినే పోగొట్టుకొన్నాడు. అయినా పని మానలేదు. ఆయన సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర నిఘంటువు 1938లోను అచ్చయినవి. ఈనాడు సవర మాటకు అర్థము వెదకేవానికి ఒక్క పంక్తిలో దొరికే జవాబు వెనుక ఇంత ఉన్నది.

కాబట్టి విద్యార్థి ప్రతి జవాబును మూడు మాటలు అడుగవలెను: దీనిని ఎవరు చెప్పినారు? ఎప్పుడు చెప్పినారు? ఎట్లు తెలుసుకొన్నారు? ఈ మూడింటికీ నిలువని జవాబు ఎన్ని పుస్తకములలో ఉన్నా ఒక్కటే తప్పు పలుమార్లు అచ్చయినట్లు. ఉపాధ్యాయులు కూడా పాఠములోని ఒక తేదీని, ఒక ఎత్తును పిల్లలచేత వారమునకొకసారి ఇట్లు పరీక్ష చేయించవచ్చును. పుస్తకములో దొరకనివి ఊరిలో అడుగవచ్చును. జిందగడను, అర్మకొండను ఆ చుట్టుప్రక్కల పల్లెలలో ఏమని పిలుస్తారు? ఏ నెలలో ఏ ఏటి ప్రక్క జ్వరములు ఎక్కువ? ఇట్టివి అరకులోయ విద్యార్థి తన ఇంటి పెద్దలనడిగి వ్రాసుకొంటే, రేపటి విజ్ఞాన సర్వస్వమునకు అవే ఆధారములు కావచ్చును.

మన విద్యార్థి నోటుపుస్తకములో ఇప్పుడు 1807 అనే అంకె కొట్టివేసి ఉన్నది. శిమిలిగుడ ప్రక్కన ‘2008 వరకు’ అని చేర్చి ఉన్నది. శిఖరముల పేర్ల ఎదుట మీటర్లు ఉన్నవి. నాలుగవ జవాబును అతడు పుస్తకములో వ్రాయుటకు ముందే చెల్లెలిని రక్తపరీక్షకు ఆసుపత్రికి తీసుకొనిపోయినాడు. తిరిగివచ్చి ఇంట్లో దోమతెర కట్టినాడు.