ప్రతోళి – పోళ: అహమ్మదాబాదు ప్రాతనగరమున గృహక్రయ మర్యాద

ఘూర్జరదేశమందలి అహమ్మదాబాదు నగరమును క్రీ. శ. 1411 వ సంవత్సరమున సుల్తాను అహమ్మదుషాహ సాబరమతీనది తూర్పుతీరమున స్థాపించెను. ప్రాకారబద్ధమైన ప్రాతనగరము సుమారు 535 హెక్టారుల వైశాల్యము గలది. ఈ కొలది చోటనే వందలకొలది వీథిసముదాయములు ఇమిడియున్నవి. వానికి ‘పోళ’ లని పేరు. ఒక్కొక్క పోళకు ముఖమున నొక ద్వారము, లోపల వంకరలు తిరిగిన సన్నని సందు, ఇరువైపుల గోడకు గోడ తగిలిన యిండ్లు కానవచ్చును. ఇట్టి తావున నిల్లు కొనుట యనగా నేమి? గోడలును, కప్పును, నేలయు మాత్రమే కొనుటయా? లేక వీథియందలి యొక వంతును గూడ కొనుటయా? ఈ ప్రశ్న నగరచరిత్రకును, ధర్మశాస్త్ర వ్యవహారకాండమునకును సమానముగా సంబంధించినది.

మొదట శబ్దమును విచారింపవలెను. పోళశబ్దము సంస్కృత ‘ప్రతోళీ’ శబ్దభవము. పదాదిని రేఫము లోపించుటయు, అచ్చుల నడుమనున్న తకారము లోపించుటయు వరరుచి ప్రాకృతప్రకాశమున విధించిన సామాన్యకార్యములే. అమరసింహుడు పురవర్గమున ప్రతోళిని రథ్యా, విశిఖా శబ్దములకు పర్యాయముగా జెప్పెను. కావున నది వీథి. కౌటిల్యుడో, దుర్గవిధానమున రెండు అట్టాలకముల నడుమ రెండంతస్తుల హర్మ్యముతో గట్టవలసిన కట్టడమును ప్రతోళి యనెను. అదియే ద్వారబంధము. రాజస్థానమున నేటికిని ద్వారార్థమే నిలిచినది. ఉదయపురమందలి హాథీపోళ, చిత్తోడుకోటయందలి రామపోళ మున్నగునవి ద్వారములే. అహమ్మదాబాదునందు మాత్రము రెండర్థములును కలిసినవి. వీథియు పోళయే, దాని వాకిలియు పోళయే. వాకిలి పైన కావలివానికి గది యుండుట పెక్కు పోళలయందు గానవచ్చును. ద్వారము లేని వీథి యిచ్చట పోళ యనిపించుకొనదు. ఈ యర్థద్వయమే యిచ్చటి గృహవ్యవహారమున కంతటికిని మూలము.

మాణిక్యచౌకు సమీపమునందలి ముహూర్తపుపోళ యన్నిటికంటె మొదటిదని నగరవాసుల పరంపర. కాలక్రమమున కులమును, మతమును, వృత్తియు ననుసరించి పోళలు పెరిగినవి. పదునెనిమిదవ శతాబ్దియందు మొగలులకును మరాఠాలకును జరిగిన పోరాటములలో నగరము పలుమార్లు చేతులు మారెను. అట్టి కాలమున పాలకుని రక్షణకంటె పోళ తలుపే ప్రజలకు నమ్మకమైన రక్షణ. రాత్రి తలుపు మూసినచో లోపలివా రందఱు నొక కుటుంబమువంటివారు. కొన్ని పోళలనుండి ప్రక్క పోళకు వెళ్లుటకు గుప్తమార్గములును గలవు.

ఇండ్ల నిర్మాణమును గమనింపదగినది. ముంగిట అరుగు, దానిని వారు ‘ఓటలో’ అందురు. నడుమ వెలుతురును గాలియు వచ్చుటకై చౌకు, అనగా మన మండువా వంటిది. దాని క్రింద వాననీటిని నిలువచేయు ‘టాంకా’ యను తొట్టి. ఇటుకగోడలలో టేకుదూలములను కూర్చి కట్టుటచే గోడలకు సాగుదల గలిగినది. 2001 జనవరి 26 వ తేదీ భూకంపమున నగరమందలి క్రొత్త మేడలు పెక్కులు కూలగా, ఈ కొయ్యకట్టు ఇండ్లు చాలవఱకు నిలిచినవి. వీథిమధ్యమున పక్షులకు గింజలు చల్లు ‘చబూతరో’ పోళ కంతటికిని ఉమ్మడి సొత్తు. రెండిండ్లకు నడుమ గోడ యొక్కటియే యైనప్పుడు ఒకని యిల్లు పడినచో పొరుగువాని యిల్లు నిలువదు. కనుక పొరుగువా డెవడనునది యిచ్చట ఇష్టానిష్టముల మాట మాత్రమే గాక గోడకు సంబంధించిన మాట.

1879 లో బ్రకటితమైన బొంబాయిరాజధాని గెజెటీరు అహమ్మదాబాదు సంపుటము పోళల మర్యాదలను వర్ణించినది. పూర్వము పోళలోని యింటిని మొదట పోళవారికి జూపక పరునకు విక్రయించుటకు గాని తాకట్టు పెట్టుటకు గాని వీలులేదనియు, ఆ కట్టుబాటు నాటికే కొంత సడలినదనియు దానివలన దెలియుచున్నది. ఇల్లమ్మినప్పుడు ధరలో గొంత పోళనిధికి జేరెడిది. వివాహములయందును రుసుము గలదు. ఆ ధనముతో తలుపు బాగుచేయుటయు, కావలివానికి జీతమిచ్చుటయు జరిగెడిది. అనగా ఇల్లు కొన్నవాడు ద్వారమునకును మూల్య మిచ్చినవా డయ్యెను.

ఈ మర్యాద మహమ్మదీయుల ‘షుఫా’ న్యాయమువలన వచ్చినదని పలువురి మతము. ఆ ప్రభావము కాదనరానిది. కాని మూలములు మఱింత ప్రాచీనములు. కౌటిల్యుడు వాస్తువిక్రయమున జ్ఞాతులు, సామంతులు, ధనికులు క్రమముగా కొనుటకు అర్హులనియు, పిమ్మటనే బయటివారనియు విధించెను. సామంతుడనగా నిచ్చట పొరుగువాడే గాని కప్పము గట్టు రాజు కాడు. నలువది పొరుగు కుటుంబముల యెదుట, ఇంటి ముంగిట ధరను ప్రకటింపవలెను. ముమ్మారు పిలిచినను అడ్డు చెప్పువారు లేనిచో కొనువాడు కొనును. పోటీచే ధర పెరిగినచో పెరిగిన మొత్తము సుంకముతో గూడ రాజకోశమునకు బోవును. విజ్ఞానేశ్వరు డిట్లనలేదు. భూవిక్రయమున గ్రామానుమతి వ్యవహారము ప్రకటమగుటకు, సామంతానుమతి ఎల్లతగవు రాకుండుటకు మాత్రమేయని యాతడు మితాక్షరయందు వ్యాఖ్యానించెను. కేతన విజ్ఞానేశ్వరీయమును దెనిగించుటచే ఈ మార్గము ఆంధ్రులకును పరిచితమే. కౌటిల్యుని మతమున పొరుగువాడు ముందు కొనదగినవాడు. విజ్ఞానేశ్వరుని మతమున సాక్షి. పోళ మర్యాద మొదటి పక్షమునకు జేరినది.

ఈ కట్టుబాటుచే వీథి నిలిచినది, నిజమే. కాని అన్యకులజునకును, అన్యమతస్థునకును తలుపు మూసినదియు నిదియే. అమ్మువానికి దక్కవలసిన ధర తగ్గుటయు గలదు. రక్షణకై పుట్టిన ద్వారము బహిష్కరణసాధన మగుటను చరిత్రకారుడు దాచరాదు.

1962 లో భారత సర్వోన్నత న్యాయస్థానము భావూరామ్ – బైజనాథ్ వ్యాజ్యమున, కేవలము పొరుగుతనమును బట్టి కలుగు పూర్వక్రయాధికారము రాజ్యాంగవిరుద్ధమని తీర్పుచెప్పెను. సహభాగస్వాముల యధికారమును మాత్రము నిలిపెను. అంతటితో పొరుగువాడు తొలగెననుకొనరాదు. మతకలహములలో భయముచే ఇండ్లు తక్కువ ధరకు అమ్ముకొనుట గాంచి, గుజరాతు ప్రభుత్వము 1991 లో కల్లోలితప్రాంతముల చట్టమును జేసెను. ప్రాతనగరమున గొన్ని భాగములు దానికి లోబడినవి. అచ్చట కలెక్టరు ముందుగా ననుమతింపనిదే విక్రయము చెల్లదు. అమ్మువాడు స్వేచ్ఛగా సమ్మతించెనా, ధర న్యాయమైనదా యని యాతడు విచారింపవలెను. ఇట్లు పోళపెద్దల స్థానమున ప్రభుత్వోద్యోగి నిలిచెను. బలవంతపు విక్రయమును మాన్పుట దీని యుద్దేశము. ఇష్టపూర్వకముగా వచ్చు అన్యమతస్థునకును అడ్డగు చున్నదని విమర్శకు లందురు.

ఇంతలో వేఱొక మార్పు వచ్చినది. 1892 లో ఎల్లిసువంతెన యినుముతో గట్టబడిన పిదప సంపన్నులు క్రమముగా పడమటిగట్టునకు దరలిరి. వదలిన యిండ్లు పెక్కులు సరకుల కొట్లయినవి. 1996 లో నగరపాలకసంస్థ వారసత్వశాఖను నెలకొల్పెను. 2017 జూలైయందు యునెస్కో యీ ప్రాతనగరమును ప్రపంచవారసత్వ పట్టికలో జేర్చెను. భారతదేశమున నట్టి గౌరవము పొందిన మొదటి నగర మిదియే. లంబేశ్వరపోళలో కవి దళపతరాము నివసించిన చోట ఇంటి ముఖభాగమును స్మారకముగా నిలిపి, ముంగిట నాతని విగ్రహము నుంచిరి. కవికి దగిన గౌరవమే. కాని ముఖభాగమున్నంతమాత్రమున గృహము గాదు.

నేడు పోళలో నిల్లు కొనువాడు చెక్కిన స్తంభములను జూచి కొనవచ్చును. కావలివాని జీతము, నడిమిగోడ మరమ్మతు, చబూతరోకు గింజలు విక్రయపత్రమున వ్రాయబడవు. పూర్వము పోళనిధి రుసుము వానిని గుర్తుచేసెడిది. కులభేదమును విడిచి ఆ బాధ్యతను మాత్రము నిలుపగల మర్యాద యేర్పడినచో ప్రతోళీశబ్దమున కుభయార్థములును నిలుచును. లేనిచో వీథి మిగులును, పోళ మిగులదు.