విషూచియు మ్రొక్కుబడియు



ఆషాఢము వచ్చినది. గోలకొండ జగదంబ సన్నిధిని మొదలిడి, సికింద్రాబాదు, లాల్‌దర్వాజల మీదుగా, నెల పొడుగునను ఆడువారు బోనములెత్తుచుందురు. వ్యాకరణము చెప్పి బ్రతికినవాడను గనుక మాటకడ నాగుట నాకు అలవాటు. భోజనమను సంస్కృతపదమే బోనమైనది. క్రొత్తకుండలో పాలు బెల్లము వేసి వండిన యన్నము, కుండకు పసుపు కుంకుమలు, వేపమండలు, పైని దీపము. ఇవన్నియు మీరెఱిగినవే. ఆ కుండ యెవరికొఱకు తలకెక్కినదను విషయమును గూర్చి నేడు మాటాడదలచితిని.

సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడిని గూర్చి పరంపరగా వచ్చు కథ యిది. 1813 లో సురిటి అప్పయ్య యనునతడు సైన్యములో డోలీ మోయువాడై ఉజ్జయినిలో నుండెను. అప్పుడు గత్తర చెలరేగెను. అతడు తోడివారిని గూర్చుకొని మహంకాళి గుడికేగి, “తల్లీ, మావారిని కాపాడితివేని మా యూరిలో నిన్ను నిలిపి కొలుతుము” అని మ్రొక్కుకొనెను. వ్యాధి శమించెను. 1815 లో మరలివచ్చి కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెను. 1864 లో దాని స్థానమున శిలావిగ్రహము వెలసెను.

గత్తర ఉజ్జయినిలోనే వచ్చినదని కొందఱు, ఇచ్చట నగరములో వచ్చిన వార్త అతనికి చేరినదని కొందఱు చెప్పుదురు. రెండవదియే నిజమైనచో, ఆ మనుజుని స్థితి తలచిచూడుడు. తనవారు వారములకొలది నడక దూరములో పడియున్నారు. వార్త చేరునప్పటికే ఎవరుండిరో, ఎవరు పోయిరో తెలియదు. వారి నోట గ్రుక్కెడు నీరు పోయుటకైనను చేయి అందదు. అట్టివానికి మ్రొక్కు తప్ప వేఱేమి మిగిలినది?

కలరాయను మహామారి 1817 లో వంగదేశపు జెస్సూరులో పుట్టి లోకమెల్ల వ్యాపించెనని గ్రంథములు చెప్పుచున్నవి గదా, 1813 ఎట్లు పొసగునని కొందఱు శంకింతురు. ఆ శంక బలమైనది కాదు. 1781 లో గంజాము దగ్గఱ కుంపిణీ సైన్యమును, 1783 లో హరిద్వారమున యాత్రికులను ఈ వ్యాధి పీడించినట్లు వ్రాతలు గలవు.

మన పూర్వులు విషూచిక యని పిలిచినది సరిగా నేటి కలరాయే యగునో కాదో వైద్యులలో ఏకాభిప్రాయము లేదు. సూదులతో గ్రుచ్చినట్లు బాధించునది గనుక ఆ పేరు వచ్చెనని సుశ్రుతసంహిత చెప్పును. యోగవాసిష్ఠములో కర్కటి యను రాక్షసి తపస్సు చేసి, సూదివలె సూక్ష్మరూపమును పొంది, విషూచికయై జనుల లోపల జొచ్చును. వరమిచ్చిన బ్రహ్మయే ఆమెనుండి సజ్జనులను కాచుటకు మంత్రమును గూడ చెప్పును. మంత్రవేత్త దానిని ఎడమచేత ధరించి, ఆ చేతితో రోగిని నిమురవలెను. ఆ రోగి చంద్రమండలములో అమృతమున మునిగియున్నట్లు మనస్సున భావింపవలెను. గురువుగారు ఈ భాగము చెప్పునపుడు నేను వినుటకు మాత్రమే వింటిని. దాని పోటు తరువాత తగిలినది. ఏమనగా, ప్రార్థించువాడు రోగిని తడిసినవానిగా భావింపవలెనట. మన యిండ్లలోనో, రోగికి నీరిచ్చుటయే నిషేధము.

ఈ నిషేధము మన పల్లెలలోనిదే కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో పాశ్చాత్యవైద్యులు కలరా రోగికి నెత్తురు తీసిరి, రసకర్పూరమునకు దాయాదియైన కెలొమెలు మ్రింగించిరి, దాహమునకు నీరు వలదనినవారును ఉండిరి. 1832 లో స్కాట్లండులో థామస్ లాటా యను వైద్యుడు ఉప్పునీటిని రక్తనాళములలోనికెక్కించి కొందఱిని బ్రతికించెను గాని, లోకము ఆ మార్గమును చాలకాలము మఱచెను.

1966 లో మా యూరికి గత్తర వచ్చెను. నాకు ఏడేండ్లు, తమ్మునికి నాలుగు. సాయంకాలమునకు వాంతిభేదులు మొదలైనవి. అమ్మ వాకిట వేపమండ కట్టి, దీపము పెట్టి, బోనమెత్తుదునని మ్రొక్కుకొనెను. నీరు పోసినచో వాంతి హెచ్చునని నాయనమ్మ శాసించెను. పెద్దలమాట దాటుట ఆ యింట లేదు. వాడు రాత్రియంతయు పెదవులు తడుపుకొనుచు నీళ్లడిగెను. నీళ్లకుండ నా చేతికందు దూరముననే యుండెను. తెల్లవాఱకమునుపే వాడు పోయినాడు.

తరువాత చదువుకొని, ఉద్యోగమున కుదిరి, ఆ రాత్రికి మ్రొక్కునే దోషిగా నిలిపి అమ్మను చాలమాఱులు నొప్పించితిని. అది నా తప్పు. వానిని చంపినది మ్రొక్కు కాదు, దప్పిక. దీపము వెలిగించిన చేతికి చెంబెత్తుట అడ్డమేమియు కాదు. అయినను మాలో నొక్కరికిని ఆ సంగతి తెలియదు.

మా దుఃఖమునకు అయిదేండ్ల పిమ్మట, 1971 లో, తూర్పు వంగమునుండి పాఱివచ్చిన కాందిశీకులు సరిహద్దునందలి బన్‌గావ్‌లో కలరాతో నేలమీద పడియుండిరి. నరములకెక్కించు సెలైను నిండుకొనుచుండగా, దిలీప్ మహలనబీసు అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీటిలో కలిపి డ్రమ్ములలో నింపించెను. రోగుల తల్లులు, అన్నదమ్ములు లోటాలతో ముంచి త్రాగించిరి. నూటికి ముప్పదిమంది వఱకు పోవుచున్నచోట మరణములు నలుగురికి లోబడినవి. త్రాగించినవారిలో పెదవులపై ప్రార్థన లేనివారెందఱుందురు?

అమ్మ ఆ ఆషాఢమున బోనమెత్తెను. కొడుకు దక్కలేదు గదా, ఇంకెందుకని ఇరుగుపొరుగువారు వారించిరట. “వానొక్కనికోసమే మొక్కిన్నా? ఊరి పిల్లలందరికోసం మొక్కిన” అనెనట. చాల యేండ్లకు దవాఖానా నర్సమ్మ యొకతె వచ్చి ఉప్పు, చక్కెర నీటిలో కలుపు కొలత నేర్పిపోయినది. అప్పటినుండి ఏ యింట పిల్లకు భేదులన్నను అమ్మ వెళ్లును. ముందు వాకిట వేపమండ కట్టును. తరువాత గ్లాసు, చెంచా పట్టుకొని మంచము ప్రక్కన కూర్చుండి, గుటక గుటకకు అమ్మవారి పేరు చెప్పుచు తెల్లవాఱువఱకు త్రాగించును.