బొబ్బిలి వీణ

విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో పనస కొయ్యతో తయారయ్యే సరస్వతీ వీణకు బొబ్బిలి వీణ అని పేరు. తరతరాలుగా ఈ పని సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలది. 17వ శతాబ్దంలో బొబ్బిలి సంస్థానాన్ని నెలకొల్పిన పెద్దరాయుడి కాలంలోనే ఇది మొదలైందని స్థానికుల మాట. 1757 బొబ్బిలి యుద్ధంలో కోట నేలమట్టమైనా, తర్వాత తిరిగి నిలదొక్కుకున్న సంస్థానంతో పాటు వీణ పని కూడా నిలిచింది.

వాద్యం రూపం మాత్రం తంజావూరులో స్థిరపడింది. అక్కడ 17వ శతాబ్దం తొలి దశకాల్లో ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో 24 మెట్ల అమరిక ఖాయమైందంటారు. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు సరిపడా మెట్లు, వాయించే తంత్రులు నాలుగు, తాళానికి మూడు.

బొబ్బిలికి పేరు తెచ్చింది ఏకాండి వీణ. కుండ, దండి, మెడ అన్నీ ఒకే మొద్దులోంచి వస్తాయి. ముదిరిన పనస మానును కోసి, ఆకారం గీసి, బాడిసెతో పైపైన చెక్కి, ఉలితో లోపల తొలుస్తారు. కుండ గోడ మందంగా మిగిలితే నాదం మూగబోతుంది, మరీ పలచనైతే కొయ్య చీలుతుంది. దానికి కొలబద్ద లేదు, వేలితో తట్టి వినడమే. ఆపైన పలక మూస్తారు, యాళి ముఖం, సొరకాయ బుర్ర అమరుస్తారు. నగిషీకి ఒకప్పుడు దంతం, జింక కొమ్ము వాడేవారు. ఇప్పుడు ప్లాస్టిక్కే.

స్పెయిన్ గిటారు దారి వేరు. ఆధునిక గిటారుకు రూపమిచ్చిన ఆంటోనియో దె టోరెస్ (1817–1892) పలచని పలకలను అతికించి పెట్టె కట్టేవాడు. నాదమంతా పైపలకదేనని చూపడానికి 1862లో పక్కలూ వెనుకా కాగితపు గుజ్జుతో ఒక గిటారు చేశాడు. గిటారు మెట్లు కొయ్యలో దిగగొట్టి ఉంటాయి. వీణ మెట్లు మసి కలిపిన మైనపు గట్టు మీద నిలుస్తాయి. తంత్రిని మెట్టు మీద పక్కకు లాగి గమకం పలికిస్తారు కనుక వాటికి ఎత్తు కావాలి. ఆ మైనాన్ని మెత్తబరిచి, ఒక్కో మెట్టునూ శ్రుతి చూసి జరిపే పని మేళం కట్టడం. ఒంటి కొయ్యకే జనం ముచ్చటపడతారు గానీ వీణ విలువ తేలేది ఇక్కడే. ఏళ్లు గడిచి మైనం సడలితే మళ్లీ మేళం కట్టించాలి.

బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పనస మాన్లు దొరకడం మాత్రం కష్టమవుతోంది. ప్రస్తుతం ఎక్కువగా అమ్ముడయ్యేవి సన్మానాల్లో ఇచ్చే చిన్న బొమ్మ వీణలు. వాటివల్ల ఉలికి పని దొరుకుతోంది, మేళానికి దొరకడం లేదు.