నెల రోజుల ఆయుష్షుకు లెక్కలు: ఆల్కహాలిక్ హెపటైటిస్ స్కోర్ల పరిణామం

మద్యం వల్ల పాడైన కాలేయం ఎన్నాళ్లు పనిచేస్తుందో అంకెల్లో చెప్పే ప్రయత్నాలు మొదట శస్త్రవైద్యుల చేతుల్లో సాగాయి. సిర్రోసిస్ (కాలేయం మచ్చకట్టి గట్టిపడటం) రోగి ఆపరేషన్‌ను తట్టుకుంటాడా అన్నది వారి ప్రశ్న. 1964లో అమెరికాకు చెందిన చైల్డ్, టర్కాట్‌లు బిలిరుబిన్ (కామెర్ల పసుపు పదార్థం), అల్బుమిన్ (కాలేయం తయారుచేసే ప్రోటీన్), జలోదరం, మెదడు మందగింపు, పోషకాహార స్థితి ఆధారంగా రోగులను మూడు తరగతులుగా విడదీశారు. 1973లో లండన్‌లో ప్యూ బృందం పోషకాహార స్థితిని తీసేసి, దాని స్థానంలో రక్తం గడ్డకట్టే సమయాన్ని చేర్చింది. అంతవరకు వైద్యుడి కంటిచూపుకు వదిలేసిన అంశం పోయి ప్రయోగశాల కొలత వచ్చింది.

సిర్రోసిస్ నెమ్మదిగా ముదిరే జబ్బు. మద్యం వల్ల కాలేయం వాచే తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్ అలా కాదు. కామెర్లు ముదిరిన కొన్ని వారాల్లోనే ప్రాణం తీయగలదు. అందుకే 1978లో జాన్స్ హాప్కిన్స్‌లో మాడ్రే బృందం స్టెరాయిడ్లను పరీక్షిస్తూ, ఎవరికి మందు అవసరమో తేల్చడానికి ఒక సూత్రం రూపొందించింది. 1989లో స్థిరపడిన రూపం ఇది: రోగి ప్రోత్రాంబిన్ సమయం (రక్తం గడ్డకట్టే సమయం) మామూలు కంటే ఎన్ని సెకన్లు ఎక్కువో చూసి 4.6తో గుణించి, బిలిరుబిన్ విలువ కలపాలి. పది సెకన్ల తేడా, డెసీలీటరుకు 12 మిల్లీగ్రాముల బిలిరుబిన్ ఉంటే స్కోరు 58. 32 లేదా అంతకు మించితే ప్రమాదమే.

గడ్డకట్టే సమయానికి అంత బరువు ఇవ్వడం సబబే. అల్బుమిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. గడ్డకట్టే ప్రోటీన్లలో కొన్ని గంటల్లోనే తరిగిపోతాయి కనుక, నేటి దెబ్బను నేడే చూపిస్తాయి. అయితే ఒక్కో ల్యాబ్‌లో సెకన్ల విలువ ఒక్కోలా వచ్చేది. పైగా 33 వచ్చినవారినీ 90 వచ్చినవారినీ ఒకే గంపలో వేయడం పెద్ద లోపం.

2000లో మేయో క్లినిక్ నుంచి వచ్చిన మెల్డ్ స్కోరు బిలిరుబిన్‌కు, గడ్డకట్టే సమయాన్ని ల్యాబ్‌లన్నిటికీ ఒకే కొలతలో చెప్పే ఐఎన్‌ఆర్‌కు మూత్రపిండాల సూచికైన క్రియాటినిన్‌ను జోడించింది. 2002 నుంచి అమెరికాలో మార్పిడి కాలేయాల పంపకానికి ఇదే ఆధారమైంది. 2005 నాటి గ్లాస్గో స్కోరు వయసును, తెల్లరక్తకణాలను కూడా లెక్కలోకి తెచ్చింది.

అసలైన మలుపు 2007లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో వచ్చింది. చేరిన రోజు పరిస్థితి చాలదని, ఏడు రోజుల స్టెరాయిడ్ చికిత్సకు బిలిరుబిన్ ఎలా స్పందించిందో చూడాలని లూవె బృందం చెప్పింది. ఆ స్పందనను లెక్కలోకి తీసుకునే వారి స్కోరు 0.45 దాటితే ఆరు నెలల తర్వాత బతికినవారు 25 శాతమే, దాటనివారిలో 85 శాతం. స్పందన లేకుంటే మందు ఆపాలి. ఆ జాగ్రత్త ఎంత ముఖ్యమో బ్రిటన్‌లో 1103 మందిపై జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన పరీక్ష చూపింది: ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడినవారిలో తీవ్ర ఇన్ఫెక్షన్లు 13 శాతం, వాడనివారిలో 7 శాతం.

మందుకు లొంగని రోగికి మిగిలే దారి కాలేయ మార్పిడి. ఆరు నెలలు మద్యం మానితేనే అర్హత అన్న పాత నియమాన్ని పక్కనపెట్టి, ఫ్రెంచి, బెల్జియన్ వైద్యులు జాగ్రత్తగా ఎంచిన 26 మందికి మార్పిడి చేసి, 2011లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలలకు 77 శాతం బతికారు, మార్పిడి జరగని అలాంటి రోగుల్లో 23 శాతమే. భారతదేశంలో ఎక్కువ మార్పిడులు బతికున్న బంధువు ఇచ్చే కాలేయ భాగంతోనే జరుగుతాయి. అందువల్ల ఇక్కడ ఏడో రోజు స్కోరు, దాత కోసం కుటుంబానికి ఎంత గడువు మిగిలిందో కూడా చెబుతుంది.