మంచె నుంచి షెడ్యూలు దాకా: పంట కావలి చరిత్రలో శ్రమ, హక్కు

పంటను పక్షుల నుంచి, అడవి జంతువుల నుంచి కాపాడుకోవడం సేద్యమంత పాతది. అయినా వ్యవసాయ చరిత్ర రచనలో నేలకు, నీటికి, శిస్తుకు దక్కిన స్థానం కావలికి దక్కలేదు. శిస్తు లెక్కలకెక్కింది. మంచె మీద కూర్చున్న మనిషి శ్రమ మాత్రం చాలావరకు ఇంటిపనిలో కలిసిపోయింది. ఆ శ్రమ జాడలు ప్రాచీన సాహిత్యంలో కనిపిస్తాయి. పంటరక్షణ హక్కు జాడలు ఆధునిక చట్టాల్లో ఉన్నాయి. ఈ రెండు రకాల ఆధారాలను పక్కపక్కన ఉంచి చదివితే ఒక భేదం తేటపడుతుంది. సాహిత్యంలో కావలి అంటే ప్రధానంగా తోలడం; చట్టానికి అది చంపడానికి సంబంధించిన ప్రశ్న.

శాతవాహన రాజు హాలుని పేరిట ప్రసిద్ధమైన గాథాసప్తశతిలో వరిచేను కాసే స్త్రీ కొన్ని గాథల్లో కనిపిస్తుంది. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో చెరకు నీడన కూర్చుని వరిచేను కాసే స్త్రీలు రఘుమహారాజు కీర్తిని గానం చేస్తారు. సంగ సాహిత్యానికి చెందిన కపిలర్ కుఱింజిప్పాట్టులో నాయికను కొండచేనులోని కొర్రపంట మీద వాలే చిలుకలను తోలడానికి పంపుతారు. అక్కడ మంచె ఉంది, చప్పుడు చేసే పరికరాలూ ఉన్నాయి. సుబ్రహ్మణ్యస్వామి వల్లిని చూసినదీ ఇటువంటి కావలిచేనులోనే. ఈ ఆధారాలను వాడుకోవడంలో ఒక జాగ్రత్త అవసరం. కవులకు చేను ప్రధానంగా శృంగార సంకేతస్థలం. కావలికత్తె పాట, ఆమె ఏకాంతం వారికి వినిపించినంతగా, ఎండలో రోజంతా అరిచి బొంగురుపోయిన గొంతు వినిపించలేదు. అయినా ఈ పని ఎక్కువగా ఎవరి వంతుకు వచ్చేదో ఆ పద్యాలే సాక్ష్యం చెబుతున్నాయి.

తెలుగు నేలపై మంచె, వడిసెల, డప్పు, కంపకంచె, దిష్టిబొమ్మ ఈ కావలికి సాధనాలు. జొన్న పాలుపట్టినప్పటి నుంచి కోత దాకా తెల్లవారుజామున, సాయంత్రం పిట్టల తాకిడి ఎక్కువ. పందులు రాత్రిపూట వస్తాయి. అందుకే పగటి కావలి స్త్రీలకు, పిల్లలకు, రాత్రి కావలి మగవారికి చెందేది. ఊరంతా ఒకే అదనులో విత్తడం కూడా ఒక రక్షణే. పిట్టల గుంపు వంద చేలకు పంచుకున్న నష్టం ఏ ఒక్క చేనునూ ముంచదు. వడిసెల రాయి పిట్టకు తగలవలసిన అవసరం లేదు, దాన్ని లేపితే చాలు.

వలస ప్రభుత్వపు వన్యప్రాణి చట్టాలు ఈ ఏర్పాటును నేరుగా తాకలేదు. 1879 నాటి ఏనుగుల సంరక్షణ చట్టం అడవి ఏనుగులను చంపడాన్ని నిషేధించినా, ఇళ్ళను, సాగును పాడుచేస్తూ కనబడిన ఏనుగును మినహాయించింది. 1912 నాటి అడవి పక్షుల, జంతువుల సంరక్షణ చట్టం మరింత స్పష్టంగా, సద్భావంతో ఆస్తిని కాపాడుకునే క్రమంలో జరిగిన వధకు తాను వర్తించనని ప్రకటించింది. దాని షెడ్యూలులో నెమలి, కౌజు, కొంగ, పాలపిట్ట ఉన్నాయి కానీ చిలుక గానీ అడవిపంది గానీ లేవు. వేటగాడి అభిరుచీ ఈకల వ్యాపారమూ ఆ జాబితాను నిర్ణయించినంతగా రైతు నష్టం నిర్ణయించలేదు.

అదే 1912లో పూసా పరిశోధనాసంస్థ నుంచి మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ భారతీయ పక్షుల ఆహారంపై గ్రంథం వెలువరించారు. పక్షుల కడుపుల్లో దొరికిన పదార్థాలను పరీక్షించి, ఏవి గింజలు తింటున్నాయో, ఏవి పురుగులను తింటున్నాయో అందులో నమోదు చేశారు. పిట్టను శత్రువు అనే ఒక్క మాటతో ముగించడం ఆ తరువాత శాస్త్రీయంగా కష్టమైంది.

అసలు మలుపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వచ్చింది. పదకొండో సెక్షను ప్రకారం తన ప్రాణాన్ని గానీ ఇతరుల ప్రాణాన్ని గానీ కాపాడుకోవడానికి జంతువును చంపితే నేరం కాదు. 1912లో ఆస్తికి ఉన్న మినహాయింపు మాత్రం ఇక్కడ లేదు. నిలువు పంటకు ముప్పు కలిగించే కొన్ని జంతువుల విషయంలో అధికారి లిఖితపూర్వక అనుమతి ఇవ్వవచ్చు. అంటే హక్కు అనుమతిగా మారింది. 1959 ఆయుధాల చట్టం పంటరక్షణ కోసం మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. ఆ తుపాకి ఇంట్లో ఉన్నా, ఇప్పుడు పేల్చడానికి మరో కాగితం కావాలి.

తోటల విషయంలో వర్గీకరణ మరీ విచిత్రం. జామతోటను కొట్టే చిలుక నాలుగో షెడ్యూలులో రక్షణ పొందితే, పండ్లు తినే గబ్బిలాన్ని కాకులతో, ఎలుకలతో కలిపి ఐదో షెడ్యూలులో హానికర ప్రాణిగా చేర్చారు. ఇప్పచెట్టు పూతకు పరాగసంపర్కం చేసేదీ, విత్తనాలను అడవిలో వెదజల్లేదీ ఆ గబ్బిలమే. 2022 సవరణ ఆ షెడ్యూలును తొలగించింది. హానికర ప్రాణిగా ప్రకటించే అధికారం మాత్రం కేంద్రం వద్దే ఉంది. 2015-16లో బీహార్‌లో నీల్‌గాయ్, అడవిపంది, ఉత్తరాఖండ్‌లో అడవిపంది, హిమాచల్ ప్రదేశ్‌లో కోతి నిర్ణీత ప్రాంతాల్లో, ఏడాది గడువుతో అలా ప్రకటితమయ్యాయి.

ఈ చర్చ అంతా చంపవచ్చా, కూడదా అన్న ప్రశ్న చుట్టూ నడుస్తుండగా మంచె ఖాళీ అయింది. పిల్లలు బడికి వెళ్ళారు, అది జరగవలసిందే. కూలి పెరిగింది. జొన్న విస్తీర్ణం కుంచించుకుపోయి, మిగిలిన ఒంటరి చేను మీదే చుట్టుపక్కల పిట్టలన్నీ వాలుతున్నాయి. దాంతో జొన్న వేసే రైతు వేయడమే మానుకుంటున్నాడు. తోటల్లో వలలు, మెరిసే రిబ్బన్లు, రికార్డు చేసిన అరుపులు వచ్చాయి. పందులు రాకుండా చేను చుట్టూ పాత చీరలు కడుతున్నారు. కొన్నిచోట్ల చట్టవిరుద్ధంగా కరెంటు తీగ లాగుతున్నారు. దానికి జంతువులతోపాటు మనుషులూ బలవుతున్నారు. పంటనష్ట పరిహారం పోయిన పంటకే వర్తిస్తుంది. కావలి కాసిన రాత్రులకు కూలి అందులో చేరదు.