మాలె నగరపు గోడలు

హిందూమహాసముద్రమున దాదాపు 1,200 పగడపు దీవుల సముదాయమగు మాల్దీవులకు కొండలు లేవు, నదులు లేవు. సముద్రమట్టమునకు సగటున ఒకటిన్నర మీటరు మాత్రమే ఎత్తుగానున్న ఆ నేలను తరతరములుగా కాచినది చుట్టునున్న సజీవమైన పగడపు దిబ్బయే. మహాతరంగములు దాని అంచున విరిగి, ఒడ్డు చేరునప్పటికి నురుగై మిగులును. ఆ నిలకడ నీటిలో ఏరిన గవ్వలే వంగ, ఓఢ్ర దేశములలో నాణెములుగా చెల్లినవి. 14వ శతాబ్దమున అచ్చట ఖాజీగా నుండిన ఇబన్ బటూటా ఆ వర్తకమును వర్ణించెను.

ఇల్లు కట్టుటకును వారికి పగడపు రాయియే ఆధారము. 1658లో నిర్మించిన మాలె జుమ్మా మసీదు గోడలలో, సముద్రమునుండి తీసి చెక్కిన పలకలు ఒకదానిలో నొకటి ఇమిడి, వాని మీది లతలతోను లిపితోను నేటికిని నిలిచియున్నవి. ఆనాటి తవ్వకము దిబ్బకు భారము కాలేదు. కాని 1972లో విహారయాత్రికుల రాకతో నిర్మాణములు పెరిగి, జనముతో క్రిక్కిరిసిన మాలె తన లోతులేని జలములను దిబ్బ అంచు వరకు పూడ్చుకొనిన పిమ్మట, కెరటము విరుగుటకు చోటే లేకపోయెను. 1987 ఏప్రిలులో సుదూరసాగరమున పుట్టిన ఉబ్బుకెరటములు వచ్చి ఆ పూడ్చిన నేలనే మ్రింగి, విమానాశ్రయమును ముంచినవి.

ఆ యేడు అక్టోబరులో అధ్యక్షుడు గయూమ్ ఐక్యరాజ్యసమితిలో తన దేశపు ఆపదను విన్నవించెను. 1990లో చిన్న దీవుల కూటమి ఏర్పడినది; సముద్రమట్టము పెరిగి నష్టపోవు దీవులకు సంపన్నదేశములు చెల్లించు బీమానిధి నొకదానిని 1991లో వనువాటు ప్రతిపాదించెను. వాతావరణ మార్పువలని నష్టములకై ఒక నిధికి లోకము సమ్మతించినది 2022లో! మరుసటి యేడు దుబాయిలో దానికి వాగ్దానము చేసిన మొత్తము సుమారు 70 కోట్ల డాలర్లు. ఎన్నో దేశములు పంచుకొనవలసిన ఆ సొమ్ము ఎంత స్వల్పమో చెప్పనక్కరలేదు.

ఈలోగా జపాను విరాళముతో మాలె చుట్టును కాంక్రీటు గోడ లేచినది. 2004 నాటి సునామీలో రాజధానికి నష్టము తగ్గించినది అదియే. కందొలుదూ అను దీవి మాత్రము నివాసయోగ్యము కాక, ప్రజలు మరియొక దీవికి తరలిపోయిరి.

దిబ్బను తవ్వుటలో దీవులవారి పాలు లేకపోలేదు. అయినను 1998లోను 2016లోను పగడములను తెల్లబార్చి చంపిన ఉష్ణము ప్రధానముగా వారు రాజేసినది కాదు. కావున ఆ దీవులకు అందవలసిన ధనము అప్పుగా గాక, చెల్లవలసిన బాకీగా అందవలెను.