పెద్ద సంస్థల కంప్యూటర్ నెట్‌వర్క్ నిర్వహణ, భద్రత

ఒక సంస్థకు చెందిన వందల, వేల కంప్యూటర్లను ఒకే చోట నుంచి గమనిస్తూ, వాటిలో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తూ, లోపాలు సరిదిద్దుతూ, ఎవరు దేన్ని వాడవచ్చో నిర్ణయిస్తూ, చొరబాట్ల నుంచి కాపాడే పనినే నెట్‌వర్క్ నిర్వహణ, భద్రత అంటారు. బ్యాంకు, ఆసుపత్రి, ఓడరేవు, ప్రభుత్వ శాఖ, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏది నడవాలన్నా ఈ పని నిత్యం జరుగుతూ ఉండాలి. అరవై ఏళ్ల దీని చరిత్రలో ఒక చిక్కు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. వేల యంత్రాలను కాపాడాలంటే వాటన్నిటిపై అధికారం ఒక చోట ఉండాలి. ఆ అధికారం పరాయివాళ్ల చేతిలో పడినా, చేతిలో ఉన్నవాళ్లు పొరబడినా నష్టం కూడా ఒక్కసారిగా వేల యంత్రాలకు చేరుతుంది. ఈ రంగంలో వచ్చిన పెద్ద మార్పుల్లో చాలావాటికి మూలం ఈ చిక్కే.

మెయిన్‌ఫ్రేమ్ కాలం

1960ల్లో సంస్థకు కంప్యూటర్ అంటే ఏసీ గదిలో ఉంచిన ఒక పెద్ద యంత్రం. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 శ్రేణి బ్యాంకులకు, బీమా కంపెనీలకు, ప్రభుత్వాలకు ప్రధాన ఆధారమైంది. ఉద్యోగుల ముందుండే టెర్మినళ్లు అక్షరాలను పంపి, వచ్చిన జవాబును చూపేవి, అంతే. లెక్కంతా గదిలోని యంత్రానిదే. అందుకే నిర్వహణ ఆ గదికి, భద్రత ఆ గది తాళానికి పరిమితమై ఉండేవి. ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకోవడం మొదలయ్యాక ఎవరి ఫైళ్లు వారికి వేరుచేయాల్సి వచ్చింది. ఎంఐటీలో 1961లో ప్రదర్శించిన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ పాస్‌వర్డ్ అడిగిన తొలి వ్యవస్థల్లో ఒకటి. 1976లో ఐబీఎం విడుదల చేసిన ర్యాక్‌ఎఫ్ ఏ ఉద్యోగి ఏ ఫైలు చూడవచ్చు, దేన్ని మార్చవచ్చు అన్న నియమాలన్నిటినీ ఒక చోటికి చేర్చింది. నేటి అనుమతుల విధానానికి అది తొలి రూపాల్లో ఒకటి.

పర్సనల్ కంప్యూటర్ రాక

1973లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్‌కు రూపమిచ్చారు. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ మార్కెట్‌లోకి వచ్చింది. 1983లో నోవెల్ కంపెనీ నెట్‌వేర్ తెచ్చాక ఆ పీసీలు ఫైళ్లను, ప్రింటర్లను పంచుకోగలిగాయి. గదిలో ఉన్న ఒక యంత్రం స్థానంలో అంతస్తుకు వంద యంత్రాలు వచ్చాయి. ఒక్కో దానిలో ఒక్కో వెర్షన్ సాఫ్ట్‌వేర్, ఒక్కో రకం సెట్టింగ్. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించాలంటే కంప్యూటర్ల నిర్వాహకుడు, అంటే అడ్మిన్, ఫ్లాపీల పెట్టె పట్టుకుని సీటు సీటుకూ తిరగాల్సిందే.

యంత్రం దగ్గరికి వెళ్లకుండా దాని స్థితి తెలుసుకునే మార్గం 1988లో ఎస్ఎన్ఎంపీ ప్రమాణంతో దొరికింది. రూటర్, స్విచ్ వంటి ప్రతి పరికరం తన స్థితిని అంకెల పట్టికగా దాచుకుంటుంది. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఎన్ని పాడయ్యాయి, ఏ పోర్టు పనిచేయడం లేదు అన్నవి అందులో ఉంటాయి. నిర్వహణ కంప్యూటర్ ఆ అంకెలను అడిగి తెచ్చుకుని తెరపై చూపిస్తుంది. అయితే తొలి వెర్షన్‌లో ఈ సంభాషణకు రక్షణ దాదాపు లేదు. తాళపుచెవి లాంటి మాట నెట్‌వర్క్‌లో ఎవరైనా చదవగలిగేలా సాదాగా ప్రయాణించేది. చాలా పరికరాల్లో ఆ మాట కంపెనీ పెట్టిన ‘పబ్లిక్’గానే మిగిలిపోయేది. సందేశాలను రహస్య లిపిలోకి మార్చగలిగే మూడో వెర్షన్ 2002లో పూర్తి స్థాయి ప్రమాణమైంది.

మోరిస్ వార్మ్, ఫైర్‌వాల్

1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ రాసిన ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో తనంతట తాను వ్యాపించింది. మెయిల్ ప్రోగ్రామ్‌లోని లోపం, ఫింగర్ అనే సేవలోని లోపం, సులువుగా ఊహించగల పాస్‌వర్డ్‌లు దానికి దారులయ్యాయి. అప్పటి ఇంటర్నెట్‌లో దాదాపు 60,000 కంప్యూటర్లు ఉండగా, సుమారు 6,000 దీని బారిన పడ్డాయని అంచనా. దెబ్బతిన్నవారు ఎవరికి చెప్పాలో, ఎవరిని అడగాలో తెలియని పరిస్థితి అది. కొద్ది వారాల్లోనే అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ధనసాయంతో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి దాడులకు స్పందించే సెర్ట్ సమన్వయ కేంద్రం ఏర్పడింది. తర్వాత అనేక దేశాలు అదే నమూనాను అనుసరించాయి.

సంస్థ నెట్‌వర్క్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య కాపలాగా నిలిచే ఫైర్‌వాల్ 1980ల చివర రూపుదిద్దుకుంది. 1994లో చెక్ పాయింట్ కంపెనీ తెచ్చిన ఫైర్‌వాల్-1 దాన్ని మామూలు సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. లోపలివాళ్లు నమ్మకస్తులు, బయటివాళ్లు అనుమానితులు అన్న భావన అప్పుడే స్థిరపడింది. ఆ భావన తప్పని తేలడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

డైరెక్టరీలు, డొమైన్లు

ప్రతి సర్వర్‌కూ ఒక పాస్‌వర్డ్ ఉంటే ఉద్యోగికి గుర్తుండదు, ఉద్యోగి వెళ్లిపోయినప్పుడు అన్నిచోట్లా తొలగించడం అడ్మిన్‌కు సాధ్యపడదు. ఎంఐటీలో 1983లో మొదలైన ప్రాజెక్ట్ అథీనా నుంచి వచ్చిన కెర్బరోస్ దీనికి పరిష్కారం చూపింది. వాడుకరి ఒక్కసారి తనను తాను రుజువు చేసుకుంటే కొన్ని గంటలు చెల్లే టికెట్ దొరుకుతుంది. ఆపై ప్రతి సర్వర్‌కూ పాస్‌వర్డ్ పంపనక్కర్లేదు, టికెట్ చూపితే చాలు. 1993లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి, వాడుకరుల వివరాలను ఒక చోట ఉంచే డైరెక్టరీని చదవడానికి ఎల్‌డ్యాప్ ప్రమాణం, అదే ఏడాది నోవెల్ నుంచి డైరెక్టరీ సేవ వచ్చాయి.

ఈ ఆలోచనలన్నిటినీ కలిపి మైక్రోసాఫ్ట్ 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో పాటు యాక్టివ్ డైరెక్టరీని విడుదల చేసింది. అందులోని గ్రూప్ పాలసీ అడ్మిన్ పనిని మార్చేసింది. పెన్‌డ్రైవ్ పనిచేయకూడదనో, పాస్‌వర్డ్ ఇన్ని అక్షరాలుండాలనో ఆ డైరెక్టరీని నడిపే డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్‌లో ఒక్కసారి రాస్తే చాలు. ప్రతి కంప్యూటర్ సుమారు 90 నిమిషాలకోసారి వచ్చి కొత్త నియమాలను అడిగి తీసుకుంటుంది. అన్నీ ఒకేసారి వచ్చి పడకుండా ఆ వ్యవధికి మరో 30 నిమిషాల దాకా యాదృచ్ఛికంగా కలుపుతారు. అయితే డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కటి చిక్కితే సంస్థ మొత్తం చిక్కినట్టే అన్న ప్రమాదం కూడా దీనితోనే వచ్చింది.

ప్యాచ్‌ల యుగం

2000 మేలో ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన ఐ లవ్ యూ వైరస్, 2001లో కోడ్ రెడ్, నిమ్డా కార్పొరేట్ నెట్‌వర్క్‌లను వరుసగా కుదిపేశాయి. 2002 జనవరిలో బిల్ గేట్స్ తన ఉద్యోగులకు రాసిన మెమోలో కొత్త ఫీచర్లకంటే భద్రతకే ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించారు. ఏడాది తర్వాత, 2003 జనవరి 25న వచ్చిన స్లామర్ పరిమాణం కేవలం 376 బైట్లు. తొలి నిమిషంలో ప్రతి 8.5 సెకన్లకు దాని సంఖ్య రెట్టింపైంది. పది నిమిషాల్లో బలహీన యంత్రాల్లో 90 శాతాన్ని చేరింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు డబ్బివ్వడం ఆపేశాయి. అది వాడుకున్న లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్, అంటే ప్యాచ్, 2002 జూలైలోనే విడుదలైంది. ఆరు నెలలైనా వేసుకోని యంత్రాలే బలయ్యాయి.

ప్యాచ్ ఆలస్యం కావడానికి అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. ప్యాచ్ వేస్తే జీతాల సాఫ్ట్‌వేరో, ల్యాబ్ యంత్రమో ఆగిపోవచ్చు. సర్వర్‌ను రీస్టార్ట్ చేయడానికి శాఖలు అనుమతించకపోవచ్చు. ముందస్తు ప్రణాళికకు వీలుగా 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదల చేయడం మొదలుపెట్టింది. భారత కాలమానంలో అది మంగళవారం రాత్రి. ముందు కొన్ని పరీక్షా యంత్రాలకు, తర్వాత ఒక శాఖకు, ఆపై సంస్థ మొత్తానికి విడతలవారీగా ప్యాచ్ వేసే పద్ధతి ఈ కాలంలోనే నిలదొక్కుకుంది.

2017: వన్నాక్రై, నాట్‌పెట్యా

2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ప్రపంచమంతటా విరుచుకుపడింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు శస్త్రచికిత్సలు వాయిదా వేశాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడా లాక్ అయిపోయాయి. దానికి విరుగుడు ప్యాచ్ మార్చి 14నే విడుదలైంది.

జూన్ 27న వచ్చిన నాట్‌పెట్యా మరింత తీవ్రమైనది. ఉక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు వాడే మెడాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో చేరి అది సంస్థల్లోకి దిగింది. ఒక యంత్రంలోకి చేరాక దాని మెమరీలో మిగిలిన అడ్మిన్ పాస్‌వర్డ్‌లను తీసుకుని, అడ్మిన్లు రోజూ వాడే సాధనాలతోనే పక్క యంత్రాలకు పాకింది. అందువల్ల ప్యాచ్ వేసిన కంప్యూటర్లకూ రక్షణ లేకపోయింది. డెన్మార్క్ నౌకా సంస్థ మేర్స్క్ 4,000 సర్వర్లను, 45,000 పీసీలను పది రోజుల్లో మళ్లీ నిర్మించుకోవాల్సి వచ్చింది. ఆ సంస్థ నడిపే టెర్మినల్ ఉన్నందున ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులోనూ కంటైనర్లు నిలిచిపోయాయి. మేర్స్క్ డొమైన్ కంట్రోలర్లన్నీ ఒకదానికొకటి నకళ్లు కావడంతో దాదాపు అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘనా కార్యాలయంలో కరెంటు పోయినందువల్ల అక్కడి కంట్రోలర్ ఒక్కటే నెట్‌వర్క్‌కు దూరంగా ఉండి బతికింది. దాని హార్డ్‌డిస్క్‌ను మనుషుల చేతికిచ్చి నైజీరియా మీదుగా ఇంగ్లండ్‌కు చేర్చి డైరెక్టరీని పునరుద్ధరించారు. నెట్‌వర్క్‌కు అంటకుండా ఒక బ్యాకప్ ఉంచుకోవాలన్న నియమం ఎందుకో దీనికంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

జీరో ట్రస్ట్

లోపల ఉన్నంత మాత్రాన నమ్మరాదన్న వాదనకు 2010లో ఫారెస్టర్ విశ్లేషకుడు జాన్ కిండర్‌వాగ్ జీరో ట్రస్ట్ అని పేరు పెట్టారు. 2009లో తనపై జరిగిన ఆపరేషన్ అరోరా దాడి తర్వాత గూగుల్ బియాండ్‌కార్ప్ పేరుతో ఇదే దారి పట్టింది. ఉద్యోగి ఆఫీసులో ఉన్నా ఇంట్లో ఉన్నా ప్రతి అభ్యర్థనలోనూ మనిషిని, యంత్రాన్ని రెండింటినీ తనిఖీ చేయడం దీని సారం. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించాక హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలు డెస్క్‌టాప్‌లను ఉద్యోగుల ఇళ్లకు పంపించాయి. దాంతో కార్పొరేట్ నెట్‌వర్క్‌కు గోడ అన్నదే లేకుండా పోయింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ జీరో ట్రస్ట్‌పై మార్గదర్శక పత్రం వెలువరించింది.

భారతదేశంలో

సమాచార సాంకేతిక చట్టం 2000లో, మన దేశపు సెర్ట్ అయిన సెర్ట్-ఇన్ 2004లో వచ్చాయి. బ్యాంకుల కోసం రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ 1999లో ఇన్ఫినెట్ అనే ప్రత్యేక నెట్‌వర్క్‌ను ప్రారంభించింది. దాడుల సమాచారాన్ని బ్యాంకులు పరస్పరం పంచుకునే కేంద్రం కూడా 2014 నుంచి అక్కడే ఉంది. 1996లో నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో మొదలైన అడ్వెంట్‌నెట్ నేడు చెన్నై కేంద్రంగా జోహోగా ఎదిగి, మేనేజ్‌ఇంజిన్ పేరుతో ఈ సాధనాలను ప్రపంచమంతా అమ్ముతోంది.

2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ సైబర్ ఘటనలను ఆరు గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగి, ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా కాగితంపై రాయాల్సి వచ్చింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం దీనికి కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

నిర్వహణ సాధనాలే మార్గాలైన వేళ

2020 డిసెంబరులో సోలార్‌విండ్స్ కంపెనీ నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఒరాయన్ అప్‌డేట్‌లోనే చొరబాటుదారుల కోడ్ ఉందని బయటపడింది. కంపెనీ సంతకంతో వచ్చిన ఆ అప్‌డేట్ దాదాపు 18,000 మంది ఖాతాదారులకు చేరింది. 2021 జూలైలో కసేయా అనే నిర్వహణ సాధనం ద్వారా ర్యాన్సమ్‌వేర్ వ్యాపించి, స్వీడన్‌లో కోఆప్ సూపర్‌మార్కెట్లు వందల సంఖ్యలో మూతపడ్డాయి.

2024 జూలై 19 నాటి ఘటనలో దాడే లేదు. భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు అప్‌డేట్‌గా వెళ్లింది. ప్రోగ్రామ్ 20 అంశాలను మాత్రమే అందిస్తుండగా కొత్త ఫైలు 21వ దాన్ని వెతికింది. కంప్యూటర్లు నీలి తెర చూపి పదేపదే రీస్టార్ట్ అయ్యాయి. 78 నిమిషాల్లో ఆ ఫైలును ఉపసంహరించినా అప్పటికే 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లను చేత్తో రాసిచ్చారు. యంత్రం లేవకపోతే దాన్ని దూరం నుంచి బాగుచేయడం కుదరదు. చాలాచోట్ల అడ్మిన్లు ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, డిస్క్ తాళపు అంకెలు కొట్టి, ఆ ఫైలును తొలగించారు. భద్రతా ఫైలుకు కూడా విడతలవారీ పంపిణీ తప్పనిసరి అని దీంతో తేలింది.

నేటి స్థితి

నేడు సంస్థలు ల్యాప్‌టాప్‌లనూ ఫోన్లనూ క్లౌడ్ నుంచి నిర్వహిస్తున్నాయి. యంత్రంలో అనుమానాస్పద ప్రవర్తనను కనిపెట్టే ఈడీఆర్ సాధనాలు పాత యాంటీవైరస్ స్థానంలోకి వచ్చాయి. లాగ్‌లను రాత్రింబవళ్లు చూసే భద్రతా కేంద్రాలు హైదరాబాద్‌లోనూ అనేకం పనిచేస్తున్నాయి. సాధనాలు ఎన్ని మారినా చరిత్ర నేర్పిన పనులు కొన్నే: సంస్థలో ఏయే యంత్రాలున్నాయో పూర్తి జాబితా ఉంచుకోవడం, ప్యాచ్‌లను విడతలుగానే అయినా వాయిదా వేయకుండా వేయడం, అడ్మిన్ అధికారాన్ని అవసరమైనంత మేరకే, అవసరమైనంత సేపే ఇవ్వడం, నెట్‌వర్క్‌ను విభజించడం, విడిగా ఉంచిన బ్యాకప్ నుంచి నిజంగా కోలుకోగలమో లేదో ముందే పరీక్షించుకోవడం. వీటిని శ్రద్ధగా చేసే అడ్మిన్ల మీదే బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి రికార్డులు, ప్రయాణాలు ఆధారపడి ఉన్నాయి. వారికి తగిన సమయాన్ని, సిబ్బందిని, రీస్టార్ట్ చేసే అనుమతిని ఇవ్వడం సంస్థ యాజమాన్యం బాధ్యత.